గురి విడువని మహారాజు

మానవునకు లభించు గౌరవము రెండు విధములు. పుట్టుకతో సంక్రమించునది యొకటి. పాటుపడి సంపాదించుకొనునది మరియొకటి. మొదటిది తాతతండ్రులు నాటిన చెట్టు నీడ వంటిది. రెండవది స్వయముగా త్రవ్వుకొన్న బావి నీరు వంటిది. చెట్టును కాలము పడగొట్టవచ్చును. బావి త్రవ్వుట నేర్చినవాడు ఎచ్చటికి పోయినను దాహముతో నుండడు. మొదటి గౌరవమును నిండుగా పొంది, అది చేజారిపోవుటను కన్నులార చూచి, రెండవ గౌరవమునకై దీర్ఘకాలము ఓర్పుతో కృషిచేసిన యొక మహారాజు చరిత్ర యిది. ఆయన బికనీరు మహారాజు డాక్టర్ కర్ణీసింగ్.

రాజస్థానమున థారు ఎడారిలో బికనీరు నగరమున్నది. పదునైదవ శతాబ్దమున రాఠోడ వంశీయుడగు బీకా యను రాజకుమారుడు ఆ రాజ్యమును స్థాపించెను. ఎటుచూచినను ఇసుకతిన్నెలు, అచ్చటచ్చట ముళ్లపొదలు, పగలు నిప్పులు చెరగు ఎండ, శీతకాలపు రాత్రులందు ఎముకలు కొరుకు చలి. అట్టి నేలయందు పుట్టినవారికి ఓర్పు సహజముగా నబ్బును. ఆ రాజవంశమువారి యిలవేలుపు కర్ణీమాత. 1924వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన ఆ వంశమున జన్మించిన శిశువునకు ఆ దేవి పేరే పెట్టిరి.

కర్ణీసింగ్ తండ్రి సాదుల్ సింగ్. తాత గంగాసింగ్. ఆ కాలమున రాజ్యమేలుచున్నవాడు తాతయే. గంగాసింగ్ సామాన్యుడు కాడు. మొదటి ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట 1919లో జరిగిన వెర్సేల్స్ సంధిపత్రముపై భారతదేశము పక్షమున సంతకము చేసినవారిలో ఆయన యొకడు. 1927లో సట్లెజ్ నది నీటిని కాలువ ద్వారా ఎడారికి రప్పించి, ఇసుక నేలపై గోధుమ పండించిన ప్రజ్ఞాశాలి. అట్టి తాత నీడలో కర్ణీసింగ్ పెరిగెను.

బికనీరునకు కొంత దూరమున గజనేరు అను చెరువు కలదు. చలికాలమున దూరప్రాంతములనుండి ఎడారి పక్షులు గుంపులు గుంపులుగా ఆ చెరువు నీటికై వచ్చుచుండెడివి. అవి బాణమువలె దూసుకొని పోవు పక్షులు. వానిని వేటాడుటకు దేశదేశములనుండి అతిథులు వచ్చెడివారు. రాజప్రతినిధులు సైతము వచ్చెడివారు. ఆ దినములలో వేట రాచరికపు లక్షణముగా నెంచబడుచుండెను. రాజపుత్ర బాలురకు గుఱ్ఱపుస్వారితోపాటు తుపాకి పేల్చుటయు నేర్పుట ఆచారము. కర్ణీసింగ్ కూడ బాల్యముననే తుపాకి పట్టెను. ఎగురుచున్న వస్తువును కంటితో వెంబడించుటయు, కంటితోపాటు చేతిని కదల్చుటయు ఆయనకు చిన్ననాడే అలవడెను. కాలక్రమమున మన దేశము వన్యప్రాణులను కాపాడుటకు పూనుకొనెను. 1972లో అందులకై చట్టము చేయబడెను. ఐనను అప్పటికి చాలకాలము ముందే కర్ణీసింగ్ తన నేర్పునకు ప్రాణహింస లేని మార్గమును ఎన్నుకొనియుండెను.

ఆయన విద్య రాజభవనముతో ముగియలేదు. ఢిల్లీ నగరమందలి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలోను, బొంబాయి నగరమందలి సెయింట్ జేవియర్స్ కళాశాలలోను చదివి చరిత్ర, రాజనీతి శాస్త్రములలో పట్టభద్రుడయ్యెను. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున తాతగారితో కలిసి మధ్యప్రాచ్యమునకు వెళ్లి సైనికసేవ చేసెను. 1943లో గంగాసింగ్ పరమపదించెను. సాదుల్ సింగ్ సింహాసనమెక్కెను. కర్ణీసింగ్ యువరాజయ్యెను. మరుసటి సంవత్సరమున డుంగర్‌పూర్ రాజకుమారి సుశీలాకుమారితో ఆయనకు వివాహము జరిగెను.

అంతలో దేశ చరిత్ర మలుపు తిరిగెను. 1947లో భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. ఐదువందలకు మించిన సంస్థానములు ఉండెడివి. మన హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరులో గాని భారతదేశమున చేరలేదు. బికనీరు చరిత్ర అందులకు భిన్నము. సాదుల్ సింగ్ కాలగతిని గుర్తించి ముందుగనే భారత యూనియనులో చేరుటకు సమ్మతించెను. 1949 మార్చి 30వ తేదీన బికనీరు రాజ్యము రాజస్థానమున విలీనమయ్యెను. 1950 సెప్టెంబరులో సాదుల్ సింగ్ మరణించెను. ఇరువదియారు సంవత్సరముల ప్రాయమున కర్ణీసింగ్ మహారాజయ్యెను. కాని యేలుటకు రాజ్యము లేదు. బిరుదము మిగిలెను, ప్రభుత్వమిచ్చు రాజభరణము మిగిలెను, కోటలును మేడలును మిగిలెను. అధికారము మాత్రము ప్రజలదయ్యెను.

ఇట్టి సమయమున పూర్వవైభవమును తలచుకొని నిట్టూర్చుచు కాలము గడిపిన రాజులు కొందరు. విలాసములలో మునిగి ధనమును పోగొట్టుకొన్నవారు మరికొందరు. కర్ణీసింగ్ ఆ రెండు త్రోవలను త్రొక్కలేదు. 1952లో మొట్టమొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, తాతలు ఏలిన ప్రజలయొద్దకే పోయి ఓటు యాచించెను. ఏ పార్టీలోను చేరక స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి లోకసభకు ఎన్నికయ్యెను. 1977 వరకు వరుసగా ఇరువదియైదు సంవత్సరములు సభ్యుడుగా నుండెను. రాజస్థానీ భాషకు తగిన గుర్తింపు కావలెనని సభలో వాదించెను. జన్మముచే వచ్చిన పదవి పోగా, ప్రజల సమ్మతిచే వచ్చిన పదవిని ఆయన గ్రహించెను.

ఐనను ఆయన పేరు దేశదేశములలో వినబడుటకు కారణము వేరొకటి కలదు. అది మట్టిబిళ్లలను తుపాకితో కొట్టు క్రీడ. ఈ క్రీడను ట్రాప్ అందురు. దీని స్వరూపమును కొంచెము తెలిసికొన్నగాని కర్ణీసింగ్ చేసిన కృషి విలువ బోధపడదు.

పూర్వము ఐరోపా దేశములలో బోనులనుండి పావురములను విడిచి, అవి ఎగురుచుండగా కాల్చెడివారు. 1900వ సంవత్సరమున పారిస్ ఒలింపిక్ క్రీడలలో కూడ ఇట్టి పోటీ జరిగెను. అది క్రూరమని లోకము గ్రహించిన పిమ్మట పావురములకు బదులు మట్టిబిళ్లలు వచ్చినవి. ఈ బిళ్ల అడ్డుకొలత 11 సెంటీమీటర్లు. బరువు 105 గ్రాములు. చూచుటకు చిన్న మూకుడువలె నుండును. ఆటగాడు నిలుచు చోటికి 15 మీటర్ల ముందు నేలలో ఒక కందకము త్రవ్వబడియుండును. అందు 15 యంత్రములు అమర్చబడియుండును. ఆటగాడు కేక వేసినంతనే వానిలో నొకటి బిళ్లను విసరును. ఏ యంత్రము విసరునో, బిళ్ల కుడికి పోవునో ఎడమకు పోవునో, మీదికి లేచునో నేలను ఒరసికొని పోవునో అతనికి ముందుగా తెలియదు. బిళ్ల గంటకు సుమారు నూరు కిలోమీటర్ల వేగముతో దూరమగుచుండును. దానిని చూచుటయు, తుపాకిని త్రిప్పుటయు, మీట నొక్కుటయు అన్నియు ఒక్క క్షణములో జరిగిపోవలెను.

బిళ్ల ఉన్నచోటికి గురిపెట్టినచో తగులదు. తుపాకినుండి వెలువడిన సీసపు రవలు అచ్చటికి చేరునప్పటికి బిళ్ల ముందునకు సాగిపోవును. కావున అది పోబోవు చోటిని ఊహించి పేల్చవలెను. ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించినప్పుడు అర్జునునకు పక్షి కన్ను మాత్రమే కనబడెనని మన మెరుగుదుము. ఆ పక్షి కదలక కొమ్మపై నుండెను. ఈ క్రీడలోని పక్షి యెగిరిపోవుచుండును. పైగా ఎటు పోవునో తెలియదు. ఒక పర్యాయమునకు 25 బిళ్లలు. ఆ కాలపు పెద్ద పోటీలలో ఎనిమిది పర్యాయములు, అనగా 200 బిళ్లలు, దినముల తరబడి కొట్టవలసియుండెను. నూటతొంబదిసార్లు గురి కుదిరినవాడు సైతము ఒక్క క్షణము ఏమరినచో వెనుకబడిపోవును. బాహుబలముకంటె మనోబలము ఎక్కువ కావలసిన క్రీడ యిది.

స్వతంత్ర భారతమున ఈ విద్యకు ఒక క్రమమును ఏర్పరచినది భారత జాతీయ రైఫిల్ సంఘము. తరువాత లోకసభకు ప్రథమ స్పీకరయిన గణేశ్ వాసుదేవ్ మావలంకర్ పూనికతో అది 1951లో స్థాపించబడెను. అంతకు ముందు తుపాకి గురి రాజులకును సైనికులకును సంబంధించిన వ్యవహారముగానే యుండెను. సంఘము ఏర్పడిన పిమ్మట నియమములు వచ్చినవి. జాతీయ పోటీలు వచ్చినవి. పాయింట్లను లెక్కించి అర్హతను నిర్ణయించు పద్ధతి వచ్చినది. ఆ పద్ధతిలో రాజునకును సామాన్యునకును భేదము లేదు. మట్టిబిళ్లకు వంశవృక్షము తెలియదు. రవ తగిలినచో పగులును; తగులనిచో పగులక పోవును.

కర్ణీసింగ్ ఈ సమత్వమును మనస్ఫూర్తిగా అంగీకరించెను. ఒకప్పుడు వేటలో ఆయన గురి తప్పినను తప్పెనని చెప్పుటకు పరివారము జంకియుండవచ్చును. పోటీ మైదానమున అట్లు కాదు. నిర్ణేత తప్పెనని పలికినచో అందరి యెదుట తప్పినట్లే. ఆయన ఆ తీర్పునకు తలయొగ్గి, ఇతరులవలె వరుసలో నిలిచి, తన వంతు వచ్చినప్పుడు తుపాకి యెత్తెను. దినదినము అభ్యాసము చేసెను. ట్రాప్, స్కీట్ అను రెండు విధములైన మట్టిబిళ్లల పోటీలలో మొత్తము మీద 17 పర్యాయములు జాతీయ విజేతగా నిలిచెను.

1960లో రోము నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. కర్ణీసింగ్ భారతదేశము పక్షమున ట్రాప్ పోటీలో పాల్గొనెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారు. తరతరములుగా ఈ క్రీడనభ్యసించిన ఇటలీ, రష్యా, అమెరికా దేశముల ఆటగాండ్ర నడుమ ఆయన ఎనిమిదవ స్థానమును సంపాదించెను. పతకము రాలేదు. ఐనను ఆ రంగమున భారతీయుడు ప్రపంచములోని మేటి ఆటగాండ్ర సరసన నిలువగలడని లోకమునకు తెలిసెను. మరుసటి సంవత్సరము, 1961లో, భారత ప్రభుత్వము ఉత్తమ క్రీడాకారులకై అర్జున పురస్కారమును నెలకొల్పెను. తుపాకి గురి క్రీడలో ఆ పురస్కారమును మొట్టమొదట పొందినవాడు కర్ణీసింగ్. గురికి పేరుమోసిన పాండవుని పేరుగల గౌరవము గురికాని చేతికి వచ్చుట సముచితముగా నుండెను.

1962లో ఈజిప్టు దేశపు కైరో నగరమున 38వ ప్రపంచ తుపాకి గురి పోటీలు జరిగినవి. కర్ణీసింగ్ జీవితమున మిక్కిలి ముఖ్యమైన ఘట్టమిది. ట్రాప్ పోటీలో బిళ్ల వెనుక బిళ్ల పగిలెను. పర్యాయము వెనుక పర్యాయము గడిచెను. లెక్కలు తేలునప్పటికి ఆయన ప్రథమ స్థానమున నుండెను. కాని ఆ స్థానమున ఆయన ఒంటరిగా లేడు. మరియొక ఆటగాడును అన్నియే పాయింట్లు సంపాదించియుండెను. ఇట్టి సందర్భమున ఇరువురును మరల కాల్చి జయాపజయములు తేల్చుకొనవలెనని నియమము. ఆ తుది పరీక్షలో కర్ణీసింగ్ వెనుకబడెను. ప్రపంచ విజేత పదవి చేతికందినట్లే యంది జారిపోయెను. రజత పతకము ఆయనదయ్యెను.

ఆలోచించి చూడుడు. వందలకొలది బిళ్లలలో ఆయన ఎవరికిని తీసిపోలేదు. ప్రపంచమున ఎవడును ఆయనకంటె ఎక్కువ కొట్టలేదు. ఐనను చరిత్రలో ఆయన పేరు రెండవదిగా వ్రాయబడెను. ఇట్టి అపజయము మామూలు అపజయముకంటె బాధాకరము. దూరమున నిలిచిపోయినవానికి అంత దుఃఖముండదు. గడప తొక్కి వెనుకకు మరలినవానికే దుఃఖము మెండు. ఆయన తుపాకిని మూలపెట్టియున్నచో తప్పుపట్టువారు లేరు. అప్పటికే కీర్తి వచ్చినది, పురస్కారము వచ్చినది, లోకసభ సభ్యత్వమున్నది, ధనమున్నది. ఐనను ఆయన అభ్యాసమును మానలేదు. కైరోనుండి ప్రపంచమున రెండవ స్థానమును తెచ్చుకొన్నవాడు మరల మొదటి పర్యాయపు మొదటి బిళ్లతో సాధన ప్రారంభించెను.

ఆ దినములలోనే ఆయన మరియొక సాధనయు చేసెను. తన పూర్వులకును ఢిల్లీ కేంద్ర ప్రభువులకును నడుమ గల సంబంధములను గూర్చి పరిశోధించి గ్రంథము వ్రాసెను. 1465 మొదలు 1949 వరకు గల కాలమును ఆ పరిశోధన తడవెను. బొంబాయి విశ్వవిద్యాలయము 1964లో ఆయనకు డాక్టర్ పట్టమిచ్చెను. రాజులకు గౌరవార్థము పట్టములిచ్చుట కద్దు. ఆయన మాత్రము విద్యార్థివలె శ్రమించి పట్టమును గడించెను. మహారాజు అను బిరుదమునకు ముందు డాక్టర్ అను మాట చేరుట ఇందువలననే.

ఒలింపిక్ పతకము మాత్రము ఆయనకు లభింపలేదు. 1964లో టోక్యో నగరమున 26వ స్థానము వచ్చెను. 1968లో మెక్సికో నగరమున తిరిగి పుంజుకొని 10వ స్థానమును చేరెను. అదే సంవత్సరము ఆయన కుమార్తె రాజ్యశ్రీ కుమారి కూడ తుపాకి గురిలో అర్జున పురస్కారమును పొందెను. అప్పటికామె పదునైదేండ్ల బాలిక. తండ్రి యొద్ద నున్న ధనము కుమార్తెకు సులభముగా రావచ్చును. విద్య రావలెనన్నచో ఆమెయు సాధన చేయవలసినదే. ఆడపిల్లలు తుపాకి పట్టరాదను భావము గల ఆ కాలమున ఆయన కుమార్తెను ప్రోత్సహించుట గమనింపదగినది.

1971వ సంవత్సరము ఆయన జీవితమున వింతయైన సంవత్సరము. ఆ యేడు కొరియా దేశపు సియోల్ నగరమున ఆసియా తుపాకి గురి పోటీలు జరిగినవి. కైరో పోటీ జరిగి తొమ్మిదేండ్లు గడిచినవి. వయస్సు నలువదియేడు. ఈ పర్యాయము బంగారు పతకమే ఆయన మెడను అలంకరించెను. అదే సంవత్సరము ముగియునాటికి రాజ్యాంగమునకు 26వ సవరణ జరిగెను. దానిచే పూర్వరాజుల బిరుదములును రాజభరణములును రద్దయినవి. చట్టము దృష్టిలో బికనీరు మహారాజు అను వ్యక్తి ఇక లేడు. తాతలిచ్చిన కిరీటము ఏ సంవత్సరమున పూర్తిగా తొలగిపోయెనో ఆ సంవత్సరముననే తన చేతులతో సంపాదించుకొన్న స్వర్ణపతకము ఆయనకు దక్కెను. మొదటిదానిని చట్టము తీసికొనగలిగెను. రెండవదానిని ఏ చట్టమును తీసికొనజాలదు.

1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలోను ఆయన పాల్గొనెను. ఇజ్రాయేలు బృందమునకు చెందిన పదునొకండుగురు ముష్కరుల చేతిలో మరణించిన విషాదము ఆ క్రీడలలోనే జరిగెను. ఆ పోటీలో ఆయన స్థానము 36. రెండేండ్ల పిమ్మట 1974లో టెహరాన్ ఆసియా క్రీడలలో ట్రాప్ పోటీయందు రజత పతకము గెలుచుకొనెను. స్థానములు హెచ్చుచు తగ్గుచుండెను. సాధన మాత్రము తగ్గలేదు. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలకు వెళ్లునప్పటికి ఆయన వయస్సు ఏబదియారు. ఐదు ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్న తొలి భారతీయుడుగా ఆయన పేరుపొందెను. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు ఏబదియెనిమిదేండ్ల వయస్సున బృందపు పోటీలో రజత పతకమును పంచుకొనెను. రోము మొదలు మాస్కో వరకు తన క్రీడానుభవములను ఒక గ్రంథముగా వ్రాసి ప్రకటించెను.

ఢిల్లీ ఆసియా క్రీడలకై తుగ్లకాబాదునందు నిర్మించిన తుపాకి గురి మైదానము నేడు డాక్టర్ కర్ణీసింగ్ పేరిట పిలువబడుచున్నది. 1988 సెప్టెంబరులో ఆయన దివంగతుడయ్యెను.

కర్ణీసింగ్ వేసిన త్రోవ ఆయనతో అంతరింపలేదు. ఆయన సమకాలికుడగు రణధీర్ సింగ్ 1978లో బాంకాక్ ఆసియా క్రీడలలో ట్రాప్ పోటీయందు స్వర్ణ పతకమును తెచ్చెను. 2004లో ఏథెన్స్ ఒలింపిక్ క్రీడలలో రాజ్యవర్ధన్ సింగ్ రాఠోడ్ మట్టిబిళ్లల పోటీలోనే రజత పతకమును గెలిచెను. 1962లో కర్ణీసింగ్ చేజారిన ప్రపంచ ట్రాప్ విజేత పదవిని 2006లో మానవ్‌జీత్ సింగ్ సంధు సాధించెను. 2008లో బీజింగ్ నగరమున అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఒలింపిక్ స్వర్ణమును గెలుచుకొనెను. నలువదియారేండ్ల క్రితము నాటిన విత్తనము ఈ విధముగా చెట్టయి ఫలించెను.

ఆ చెట్టు కొమ్మ యొకటి మన తెలుగునేలకును వ్యాపించినది. హైదరాబాదు నగరమునకు పడమట గచ్చిబౌలి, మాదాపురము ప్రాంతములు కలవు. ఒకప్పుడవి బండరాళ్ల గుట్టలతోను సీతాఫలపు పొదలతోను నిండియుండెడివి. నేడచ్చట హైటెక్ సిటీ వెలసినది. కంప్యూటరు సంస్థల అద్దాల మేడలు ఆకాశమునంటుచున్నవి. ఆ సైబరాబాదు ప్రాంతముననే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఆవరణలో తుపాకి గురి మైదానమొకటి కలదు. 2007లో హైదరాబాదున సైనికుల ప్రపంచ క్రీడలు జరిగినప్పుడు తుపాకి గురి పోటీలకు అది వేదికయయ్యెను. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకమును తెచ్చెను. ఈ నగరపు బాలిక ఈషా సింగ్ 2018లో పదుమూడేండ్లకే జాతీయ విజేతయై, 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణమును మూడు రజతములను గెలుచుకొనెను. అవే క్రీడలలో హైదరాబాదు వాడగు కైనాన్ చెనాయ్ ట్రాప్ పోటీలో బృంద స్వర్ణమును, వ్యక్తిగత కాంస్యమును పొందెను. కర్ణీసింగ్ చేపట్టిన క్రీడ ఇదియే.

నేడు ఈ విద్యను అభ్యసింపగోరు బాలబాలికలకు మార్గము స్పష్టముగా నున్నది. మొదట నేర్పునది గురి కాదు, జాగ్రత్త. తుపాకి ఖాళీగా నున్నను నిండియున్నట్లే భావింపవలెను. దాని మొన ఎన్నడును మనుష్యులవైపు త్రిప్పరాదు. శిక్షకుడు ఆజ్ఞ ఇచ్చినగాని గుండు దట్టింపరాదు. ఈ నియమములు వంటబట్టిన పిమ్మట సాధారణముగా పది మీటర్ల ఎయిర్ రైఫిలుతో గాని ఎయిర్ పిస్టలుతో గాని అభ్యాసము మొదలగును. ఎయిర్ రైఫిలు పోటీలో గురిపటము నడుమనున్న పది పాయింట్ల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు మాత్రమే. శ్వాసను నిలుపుట, శరీరమును కదలనీయకుండుట, మీటను మెల్లగా నొక్కుట నెలల తరబడి నేర్వవలసియుండును.

తరువాత రాష్ట్ర రైఫిల్ సంఘము ద్వారా రాష్ట్ర పోటీలలో పాల్గొనవలెను. అచ్చట నిర్ణీతమైన కనీస అర్హత పాయింట్లు తెచ్చుకొన్నవారు పై పోటీలకు పోవుదురు. అందు మావలంకర్ పేరిట జరుగు పోటీలును కలవు. వానిలోను నెగ్గినవారు జాతీయ పోటీలకు, జాతీయ పోటీలలో మేటులైనవారు ఎంపిక పరీక్షలకు, వానిలోను నిలిచినవారు దేశము పక్షమున విదేశములకు పోవుదురు. అంతర్జాతీయ సంఘము వారును కనీస అర్హతను విధించియున్నారు. శిక్షకులకును నిర్ణేతలకును సైతము తరగతుల వారీగా యోగ్యతాపత్రములు కలవు. ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క పరీక్ష. ఏ మెట్టునను సిఫారసు పనిచేయదు, గురిపటమే యోగ్యతాపత్రము.

ఈ మార్గమున ఖర్చు లేకపోలేదు. తుపాకులు, గుండ్లు ధనముతో కూడిన వస్తువులు. కర్ణీసింగ్‌కు ఆ చింత లేకుండెననుట సత్యము. పేదవాడు ఆయనవలె సాధన చేయగలడా యను ప్రశ్న న్యాయమైనదే. అందువలననే ప్రభుత్వము నిర్మించిన మైదానములును, సంఘములు నడపు శిక్షణ కేంద్రములును అవసరమగుచున్నవి. రాజుల వేటగా నుండిన విద్య అందరి క్రీడగా మారుట స్వతంత్ర భారతమున జరిగిన మంచి మార్పులలో నొకటి. ఆ మార్పు ఇంకను సంపూర్ణము కావలసియున్నది.

ధనముండిన మాత్రమున ఈ విద్య రాదనియు కర్ణీసింగ్ చరిత్ర తెలుపుచున్నది. ధనము తుపాకిని కొనిపెట్టును, గురిని కొనిపెట్టదు. ధనము ఒక్కటే చాలియున్నచో సంస్థానాధీశులందరును ప్రపంచ ప్రసిద్ధులైయుండెడివారు. ఆయన గొప్పతనము తన పుట్టుకను మరచి పోటీ వరుసలో నిలుచుటయందున్నది. కైరోలో ఓడిన మరునాడును తుపాకిని విడువకుండుటయందున్నది. పదియవ స్థానము వచ్చినను, ముప్పదియారవ స్థానము వచ్చినను, మరల పోయి నిలుచుటయందున్నది. విజయము వచ్చినపుడు పొంగక, రానపుడు క్రుంగక, నియమమునకు తలవంచి సాధన చేయువాడే నిజమైన క్రీడాకారుడు.

పరీక్షలో ఒక్క మార్కు తక్కువైనందుకు దిగులుపడు బాలబాలికలు కలరు. ఒక్క పోటీలో ఓడినందుకు ఆటనే మానుకొనువారును కలరు. అట్టివారు కర్ణీసింగ్‌ను తలచుకొనవలెను. ఆయన ప్రపంచమున అందరితో సమానుడై నిలిచియు రెండవవాడయ్యెను. ఆ పిమ్మట ఇరువది సంవత్సరములు గురి విడువలేదు. మట్టిబిళ్ల తప్పిపోవచ్చును, మరియొక బిళ్ల వచ్చును. తప్పినదానిని గూర్చి చింతించువానికి రాబోవునది కనబడదు. రాబోవుదానిపై చూపు నిలిపినవానికి గతించిన తప్పు అడ్డు కాజాలదు.